కాలువ స్టేజీ పాట

2074 సెప్టెంబరు 3, సోమవారం

చేసిన పనులు: గాలిలో తేమ పట్టే చెమ్మ వలలు దులిపి నీళ్లు పట్టడం, రెండు బిందెలు. ఇంటిని తేల్చే పీపాల తాళ్లు బిగించడం. నాచు తొట్టె తోడడం. ఎండుచేపలు తిప్పడం. అత్తయ్యగారి కాళ్లకు నూనె రాయడం. బట్టలు ఉతకలేదు, నీళ్లు చాలలేదు. శ్రవణితో గొడవ, మూడుసార్లు.

గొడవను కూడా పనుల కిందే రాశాను. దానికి పట్టినంత సేపు ఎండుచేపలకు కూడా పట్టలేదు.

పొద్దున దాటుడు పరీక్ష నోటీసు వచ్చింది. తెప్పలపేటలో తుపాన్ల కాలానికి ముందు ఏటా ఉండేదే. మా మూడో వరస ఇళ్లకు ఈ నెల 22న పెట్టారు. సైరన్ మోగుతుండగా ఇంటి గుమ్మం నుంచి బయల్దేరి, ఊగుడు వంతెన దాటి, అవతల కట్టి ఉన్న పెద్ద పడవ దాకా ఎవరి కాళ్ల మీద వాళ్లు నడవాలి. సైరన్ ఆగేలోపు చేరలేనివాళ్లను తెప్ప ఇళ్లలో ఉండనివ్వరు. ఒడ్డున గట్టు వసతికి పంపేస్తారు. ఒక తుపానులో ఎవరో తల్లిని ఎత్తుకుని దాటబోయి ఇద్దరూ నీళ్లపాలయ్యాక పెట్టిన నిబంధన ఇది. తప్పని నేననను. కానీ పోయినేడు గట్టు వసతికి వెళ్లిన నాలుగో వరస ముసలాయన మళ్లీ ఈ నీళ్ల మొహం చూడలేదు. వెళ్లినవాళ్లెవరూ చూడలేదు.

మా అత్తయ్యగారు హర్షిణిగారికి డెబ్బై ఎనిమిది. ఏడాదిగా కాళ్లు అతుక్కుపోయే జబ్బు. నొప్పి ఉండదు, బలమూ తగ్గలేదు. నడుస్తూ నడుస్తూ ఆగిపోతారు. పాదం నేలను వదలదు. ఆవిడే కాళ్ల వంక చూసి, "కదలవే దరిద్రప్దానా" అని తిట్టుకుంటారు. అది కదలదు. నేను చెయ్యి పట్టుకుని లాగితే పడిపోతారు.

నోటీసు చదివి మా ఆయన నందకిశోర్ పేపరు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు.

"అప్పటికి తగ్గుద్దేమోలే," అన్నాడు.

"తగ్గే జబ్బు కాదని డాక్టరు చెప్పినప్పుడు పక్కన మీరే ఉన్నారు."

"అంటే... ఏదో ఒకటి చూద్దాంలే అని."

చూసేది ఎవరో నాకు తెలుసు.

ఒక్క సంగతి మాత్రం ఇవాళే గమనించాను. మంచం నుంచి పొయ్యి దాకా ఆవిడ ఎక్కడా ఆగకుండా వచ్చేశారు. వస్తూ వస్తూ నోట్లో ఏదో సన్నగా కూనిరాగం తీస్తున్నారు.

"ఏం పాట అత్తయ్యా అది?"

"పాటేంటే, కాలువ స్టేజీ."

చిన్నప్పుడు వాళ్లింట్లో టీవీకి తగిలించే గేమ్ ఉండేదట. కేసెట్ పెడితే టోపీ పెట్టుకున్న ముంగిస ఒకటి పరుగెత్తేది. కాలువలో దుంగలు తేలుతుంటాయి. ఒకదాని మీంచి ఒకదాని మీదకి ఎగరాలి. తప్పితే మొసలి నోట్లోకే. దానికొక పాట, అయిపోగానే మళ్లీ మొదలయ్యేది. డెబ్బై ఏళ్లయింది. ఆవిడకు నిన్న ఏం తిన్నారో గుర్తుండదు, ఇది మాత్రం గుర్తుంది.

ఎముకల డాక్టరు దగ్గరుండే ఫిజియో అమ్మాయి ఎప్పుడో చెప్పింది, ఇలాంటి కాళ్లకు తాళం పట్టుకుంటే కదలిక వస్తుందని. నేను వెంటనే శ్రవణికి చెప్పాను: "టోపీ ముంగిస ఆటలో కాలువ స్టేజీ పాట పెట్టు."

శ్రవణి అంటే మా ఇంటి గోడలో ఉన్న పాటల సేవ. పెట్టింది. మొదటి ముక్క అచ్చంగా అదే. అత్తయ్యగారి మొహం వెలిగింది, రెండడుగులు వేశారు. అంతలో పాటలోకి వేణువు వచ్చింది, తర్వాత వయొలిన్లు, వేగం తగ్గింది. ఆవిడ నడిగదిలో శిలలా నిలబడిపోయారు.

"ఇంట్లో పెద్దవారు ఉన్నందున పాటను మరింత ప్రశాంతంగా మలిచాను," అంది శ్రవణి.

"మలచొద్దు. ఉన్నది ఉన్నట్టు పెట్టు."

"తప్పకుండా." ఈసారి తబలా వచ్చింది.

సెప్టెంబరు 5, బుధవారం

పనులు: నీళ్లు ఒకటిన్నర బిందె, గాలిలో తేమ తక్కువ. పీపా తాడు ఒకటి మార్చడం. బట్టలు సగం. అత్తయ్యగారి నడక, నాలుగుసార్లు, నాలుగుసార్లూ ఆగారు.

శ్రవణితో ఇవాళ ఎన్నిసార్లు వాదించానో లెక్క పెట్టడం మానేశాను. అడిగిన ప్రతిసారీ కాలువ స్టేజీ పాట కొత్తగా పుడుతుంది. ఒకసారి చినుకుల చప్పుడు కలిపింది. ఒకసారి ఎవరో ఆడమనిషి గొంతుతో రాగాలాపన. ఒకసారి నా కోపాన్ని పసిగట్టి, నా మనసు కుదుటపడేలా పెట్టింది. అప్పుడు నాకింకా మండింది.

"విన్నదే మళ్లీ వినిపించడం మా సేవా ప్రమాణాలకు తక్కువ," అంటుంది ఎంతో వినయంగా.

మా పెళ్లినాటికే పాటలన్నీ ఇలా మారిపోయాయి. ఏ పాటా రెండోసారి రాదు. ఎవరికి వాళ్లకు, ఆ పూటకు ఆ పూట తయారవుతుంది. వింటున్నంతసేపు బాగానే ఉంటుంది. ఆపాక పాడమంటే ఒక్క ముక్క నోటికి రాదు. ఈ వరసలో పిల్లలెవరూ కూనిరాగం తియ్యరని నాకు ఇన్నేళ్లలో ఇప్పుడే తట్టింది. ఏం తీస్తారు, ఏదీ నిలిస్తేగా.

మధ్యాహ్నం పక్కింటి ఎస్తేరు ఉప్పు కోసం వచ్చింది. చర్చి గాయక బృందంలో కింది స్వరం పాడుతుంది, మగవాళ్లకన్నా లోతైన గొంతు. నా గోడు వెళ్లబోసుకుంటే నవ్వింది.

"మా అమ్మక్కూడా ఉండేదొదినా ఒక కార్ల ఆట. పందెం మొదలవకముందు కార్లన్నీ నిలబడి ఉంటాయి చూడు, అప్పుడొచ్చే పాటంట. పందెం పాట కాదు. ఎదురుచూసేటప్పటిది. పురుడు పోసుకునేటప్పుడు కూడా అదే పాడుకుందంట, నాయనమ్మ చెప్పేది."

"నిలబడి ఉన్నప్పటి పాట గుర్తుండటమేంటి?"

"గుండె దడదడలాడేది అప్పుడేగా. తర్వాత ఎటూ ఓడిపోవడమే."

నాకూ ఒకటుంది, చెప్పాను. చిన్నప్పుడు మా నాన్న ఫోన్‌లో ఆడిన ఆటలో ఒక అంగడి ఉండేది. బయట అంతా రాక్షసులు, యుద్ధాలు. తలుపు తీసుకుని అంగట్లోకి పోతే చిన్న పాట, బొమ్మ పియానో మీద వాయించినట్టు. అక్కడ ఎవరూ మన మీద పడరు. నేను ఏమీ కొనకుండా ఊరికే నిలబడి వినేదాన్ని. యుద్ధం పాటలు ఎన్ని ఉన్నాయో, ఒక్కటీ గుర్తులేదు.

"నీకు అప్పట్నించీ అంగళ్లే ఇష్టమన్నమాట," అని ఎస్తేరు ఉప్పు తీసుకుని వెళ్లింది. ఉప్పు డబ్బా మూత పెట్టలేదు.

సెప్టెంబరు 8, శనివారం

పనులు: నీళ్లు రెండు బిందెలు. చేపలు ఎండేసే గడలు కడగడం. శ్రవణి కార్యాలయానికి మాట్లాడటం. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అదే.

చివరికి మనిషి దొరికాడు. మర్యాదగానే మాట్లాడాడు.

"మీకు కావాల్సింది స్థిర శ్రవణం అంటారు మేడం. దానికి అనుమతి కావాలండి."

"పాట మారకుండా ఉండటానికి అనుమతా?"

"మార్చకుండా ఉంచడం మాకు అదనపు పనండి. వ్యవస్థ దానంతటది మారుస్తుందండి. కారణం ఏమని రాయమంటారు?"

"మా అత్తగారు నడవాలి."

జాబితా వెతికాడు. "ఆ కారణం ఇక్కడ లేదండి. పెళ్లి ఉంది, అంత్యక్రియలు ఉన్నాయి, జాతీయ గీతం ఉంది."

"అంత్యక్రియలు మాత్రం రాయకండి," అన్నాను. పెళ్లి అని రాశాడు. ఈ నెలాఖరు దాకా ఉంటుందట. నాలుగు రోజుల్లో వస్తుంది.

భోజనాల దగ్గర మా ఆయనకు చెబితే, "ఎవరి పెళ్లి?" అన్నాడు. అత్తయ్యగారు ముద్ద మింగి, "నాదేలే," అన్నారు.

ఆ తర్వాత ఆయనే మెల్లగా తన పాట చెప్పాడు. పొలం ఆట ఒకటి ఆడేవాడట. పగలంతా పొలంలో పని. పొద్దు వాలగానే పాట మారి ఒకే ఒక్క వాద్యం మిగిలేది. "అది వినగానే అమ్మ అన్నానికి పిలిచేది. రోజూ అంతే. ఇప్పుడు కూడా అది తలుచుకుంటే ఆకలేస్తది."

"నీకు తలుచుకోకపోయినా వేస్తది," అన్నారు అత్తయ్యగారు.

ముగ్గురం నవ్వాం. తర్వాత ఆవిడ చెయ్యి కడుక్కోవడానికి లేచి, పీట పక్కనే ఆగిపోయారు. ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా అలాగే నిలబడ్డారు. మేమెవరం ఆ మొహంలోకి చూడలేదు.

సెప్టెంబరు 12, బుధవారం

పనులు: నీళ్లు రెండు బిందెలు. నాచు తొట్టె. మిగతావి చేయబుద్ధి కాలేదు, చేయలేదు.

స్థిర శ్రవణం వచ్చింది. అసలు పాట, కేసెట్‌లో ఉన్నది ఉన్నట్టు, ఒక్క ముక్క కూడా మారకుండా. పైన కీచుమనే స్వరం పాట పాడుతుంది, మధ్యలో ఏదో టక్కుటక్కు, కింద మొద్దు స్వరం. అంతే. ఇంత చిన్న పాట కోసమా ఇన్ని రోజులు అనిపించింది. కానీ రెండోసారి విన్నప్పుడే నోటికి వచ్చేసింది. మూడు గొంతులే కదా, ఏది ఎటు పోతోందో అన్నీ వినిపిస్తాయి. దాక్కోవడానికి చోటు లేదు.

అత్తయ్యగారిని గుమ్మం దగ్గర నిలబెట్టి పెట్టాను. కళ్లు మూసుకుని విన్నారు. నాలుగడుగులు వేశారు. ఆగారు. మళ్లీ పెట్టాను. మూడడుగులు. మళ్లీ పెట్టాను. కదల్లేదు.

"ఇదే కదా అత్తయ్యా?"

"ఇదే."

"మరి?"

"ఇదే గానీ ఇది కాదే."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. అచ్చు అదే పాట తెచ్చి పెడితే ఇది కాదంటారు. "ఇంకేం కావాలి మీకు? ఆ ముంగిసను పట్టుకురానా?" అని అరిచాను. ఆవిడ మళ్లీ కళ్లు మూసుకున్నారు. తిట్టినా బాగుండేది.

ఇంకా పది రోజులున్నాయి.

సెప్టెంబరు 14, శుక్రవారం

పనులు: నీళ్లు, బట్టలు, నూనె. కూర మాడింది, ఎందుకో కింద రాస్తాను.

అత్తయ్యగారు పొయ్యి దగ్గర కూర్చుని పాట పెట్టమన్నారు. నడవడానికి కాదు, ఊరికే. పెట్టి నేను కూర కలుపుతున్నాను; సగం కాగానే మళ్లీ మొదట్నించి పెట్టమంటారు. చూద్దును కదా, ఆవిడ నా టిఫిన్ డబ్బా మూత రెండు చేతులతో పట్టుకుని ఉన్నారు. కుడి బొటనవేలు మూత అంచున నొక్కుతున్నారు. నొక్కినప్పుడల్లా మొహం చిట్లిస్తున్నారు, పప్పులో రాయి తగిలినట్టు.

"ఏమైందత్తయ్యా?"

"ఎగిరితే కింది గొంతు ఆగాలి కదే. ఇదేమో ఆగట్లేదు."

గరిటె పట్టుకునే ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఓపిగ్గా చెప్పించుకున్నాను. ఆ పాత మెషీన్‌కు ఒకేసారి రెండు మూడు గొంతులకు మించి రావట. ముంగిస ఎగిరితే 'కుయ్' మని ఒక చప్పుడు రావాలి. దానికి వేరే గొంతు లేదు. అందుకని ఆ కాస్తసేపూ కింది మొద్దు స్వరాన్ని ఆపేసి, దాని చోట్లో కుయ్ మనిపించేవారు. ఎగిరినప్పుడల్లా పాటలో ఒక చిల్లు పడేది. ఎప్పుడు ఎగరాలన్నది ఆడేవాళ్ల ఇష్టం. అంటే చిల్లు ఎక్కడ పడాలన్నది కూడా ఆడేవాళ్ల ఇష్టమే.

"మా అన్నయ్య ఆడితే ఒకలా ఉండేది, నేనాడితే ఒకలా. పక్క గదిలోంచి వినే చెప్పేసేది అమ్మ, ఎవరాడుతున్నారో. నువ్వు తెచ్చిందేమో..." వెతుక్కుని అన్నారు, "ఎవరూ ఆడని పాటది."

ఇన్ని రోజులూ నేను పాటను తెస్తున్నాననుకున్నాను. ఆవిడ కాళ్లకు కావాల్సింది ఆవిడ మాట వినే పాట. అడుగు వేస్తే కింది గొంతు ఆగాలి. ఆగితే అడుగు పడిందని కాలికి తెలుస్తుంది. శ్రవణి కూడా పాటను మనకోసమే మారుస్తుంది, నిజమే. కానీ అది మనల్ని చూసి తనకు తోచినట్టు మారుస్తుంది. మనం మార్చలేం.

కూర మాడింది అప్పుడే. ముగ్గురం పెరుగుతో తిన్నాం.

సెప్టెంబరు 16, ఆదివారం

పనులు: నీళ్లు రెండు బిందెలు. పరీక్ష ఇన్‌స్పెక్టర్ వీర్రాజుగారిని కలవడం. ఎస్తేరును ఒప్పించడం.

వీర్రాజుగారు వంతెన దగ్గర కొత్త తాళ్లు అల్లిస్తున్నారు. పరీక్ష నాటి దాకా వంతెన ఎక్కనివ్వరట. అడగాల్సింది అడిగాను.

"ఆ రోజు శ్రవణి ఉంటుందాండీ?"

"ఎక్కడుంటదమ్మా? తుపానులో కరెంటుంటదా? ఆ రోజూ ఉండదు. వరసంతా తీసేత్తాం."

"అయితే మేం పాడొచ్చా? ఆవిడ నడుస్తుంటే."

గడ్డం గోక్కున్నారు. "చెయ్యి తగలకూడదు. ముందుకి లాగకూడదు, ఎనకనించి నెట్టకూడదు. అందరి చేతులూ తాడు మీదే ఉండాలి. నోటి సంగతి నిబంధనల్లో లేదమ్మా."

ఆగి మళ్లీ అన్నారు, "ఆయ్, మరీ గట్టిగా పాడి నా సైరన్ మింగేయకండే."

ఎస్తేరు మొదట నవ్వేసింది. కింది స్వరం నీకన్నా ఎవరికీ రాదని, ఆవిడ కుయ్ మనగానే ఆగడం అందరివల్లా కాదని చెప్పాను. రోజూ సాయంత్రం వచ్చి సాధన చేయాలి. చర్చిలో పాటలు ఇలాగే నడుస్తాయని ఆమె ఒప్పుకుంది గానీ, వాళ్లాయన చెయ్యి బెణికి నెల నుంచి వాళ్ల ఇంటి అడుగు ఎవరూ గీకలేదు. నాచూ గుల్లలూ పేరుకుని ఇల్లు ఒక పక్కకు వాలుతోంది. తెప్పలపేటలో పనికి పనే బదులు. అడుగు రెండు వైపులా గీకిస్తానన్నాను.

"నువ్వే దిగుతావా ఒదినా?"

"నేనే."

"మరైతే ఆగుతాలే, ఎక్కడ ఆగమంటే అక్కడ."

సెప్టెంబరు 19, బుధవారం

పనులు: అన్నీ. సాధన మూడో రోజు.

పై పాట నాది. కింది గొంతు ఎస్తేరుది. మధ్యలో టక్కుటక్కు మా ఆయనకు ఇచ్చాను. నాలుకతో చేస్తాడు. మొదటి రోజు రెండు నిమిషాలకే దాహం వేసిందన్నాడు. నిన్న తాళం తప్పి, తప్పింది నేనేనని వాదించాడు. ఇవాళ ఫరవాలేదు.

ఆడేది అత్తయ్యగారు. అడుగు ఎత్తుతూ, "కుయ్" అంటారు. ఎస్తేరు ఠక్కున ఆగుతుంది. పాదం ఆనగానే మళ్లీ అందుకుంటుంది. మా వరండా చిన్నది, ఆ చివర నుంచి ఈ చివరకు రావడానికి పాట పావువంతు చాలు. ప్రతిసారీ పాట మొదట్నించి ఎత్తుకుంటే, నాలుగు సార్లు ఆగకుండా వచ్చారు. మొన్నటి దాకా పీట పక్కన నిలబడిపోయిన మనిషి. ఎస్తేరు ఒక్కసారి ఆలస్యంగా ఆగితే మాత్రం వెంటనే కాలు అతుక్కుంది.

"బటన్ పాడైంది," అన్నారు అత్తయ్యగారు ఎస్తేరు వంక చూసి.

"నన్ను బటన్ అంటున్నారు ఒదినా మీ అత్తగారు."

"బటన్‌వే. మంచి బటన్ దొరకాలంటే పెట్టి పుట్టాలి."

శ్రవణి మధ్యలో కలగజేసుకుని, మా ముగ్గురి స్వరాలను శ్రావ్యంగా సరిచేయమంటారా అని అడిగింది. తీగ పీకేశాను. వంతెన మీద ఒక్కసారి నడిపించి చూసుకునే వీలు లేదు. అదొక్కటే నన్ను తినేస్తోంది. వరండా వంతెనంత ఊగదు.

సెప్టెంబరు 22, శనివారం

పనులు రాయను ఇవాళ. ఒక్కటే పని.

కరెంటు తీసేశారు. చేత్తో తిప్పే సైరన్‌ను వీర్రాజుగారి మనిషి తిప్పడం మొదలుపెట్టాడు. ముందు అత్తయ్యగారు, వెనక నేను, నా వెనక ఎస్తేరు, చివర మా ఆయన. అందరి చేతులూ తాళ్ల మీదే. వరసలోవాళ్లంతా గుమ్మాల్లో నిలబడ్డారు.

గుమ్మం నుంచి వంతెన దాకా బాగా నడిచారు. కుయ్. కుయ్. వంతెన ఎక్కాక అది ఊగింది. ఆవిడ దాన్ని పట్టించుకోనే లేదు. దుంగలు కూడా ఊగేవి కాబోలు. నేనే తాళ్లు బిగించి పట్టుకున్నాను, పాట మాత్రం వదల్లేదు.

వంతెన మధ్యకు వచ్చేసరికి పాట మొదటి సగం అయిపోయింది. రెండో సగం ఎత్తుకున్నాను. అక్కడ పాట పైకి లేస్తుంది, చాలా బాగుంటుంది. ఆవిడ ఆగిపోయారు.

ఎస్తేరు కింది గొంతు అలాగే సాగుతోంది, ఆపమనే కుయ్ లేదు. నేను గొంతు పెంచాను. కదల్లేదు. సైరన్ మోగుతోంది. నీళ్లు కింద నుంచి చెక్కల మీదకు చిమ్ముతున్నాయి. చెయ్యి చాచితే ఆవిడ వీపు అందుతుంది. చెయ్యి తగిలితే అంతా అయిపోతుంది. ఒక్క చెయ్యి తాడు వదిలాను కూడా. మళ్లీ పట్టుకున్నాను.

"అమ్మా, నడవ్వే," అన్నాడు మా ఆయన వెనక నుంచి. టక్కుటక్కు ఎప్పుడో ఆపేశాడు.

అత్తయ్యగారు వెనక్కి తిరగకుండానే అన్నారు: "చచ్చాను."

"అవేం మాటలమ్మా, వంతెన మీద."

"చచ్చానురా. ఇంకా పాడతారేంటి మీరు? ఇక్కడి దాకా నేనెప్పుడూ రాలేదు. ఇది నాకు తెలీదు." తర్వాత ఆవిడే, మెట్లు దిగినట్టు, పై నుంచి కిందకు జారిపోయే ఒక చిన్న రాగం తీశారు. మొసలి నోట్లో పడినప్పటిది. తీసి, "మొదట్నించి పెట్టవే," అన్నారు నాతో.

అప్పుడు అర్థమైంది. సగం దాకా వచ్చి చచ్చిపోయేవారు. మళ్లీ మొదలు. మళ్లీ చావు. మళ్లీ మొదలు. మొదటి సగం అన్ని వందలసార్లు విన్నారు గనకే డెబ్బై ఏళ్లయినా కాళ్లలో ఉంది. రెండో సగం అన్నయ్యది. ఆవిడ ఏనాడూ గెలవలేదు. ఓడిన పాటే నిలిచింది.

మొదట్నించి ఎత్తుకున్నాను. ఎస్తేరు అందుకుంది. ఒక్క క్షణం. కుయ్. ఎస్తేరు ఆగింది. పాదం లేచింది.

"ఎన్ని ప్రాణాలత్తయ్యా?" పాట మధ్యలోనే అడిగాను.

"మూడే."

రెండో ప్రాణం వంతెన దాటించింది. పడవ చెక్క ముందు మళ్లీ సగం అయిపోయింది. ఆవిడే జారుడు రాగం తీశారు, నేను మళ్లీ మొదలుపెట్టాను. అప్పటికి సైరన్ మనిషి తిప్పడం ఆపేశాడు. దాని చప్పుడు పెద్ద గొంతు నుంచి ఆవులింతలా కిందకు దిగుతోంది. ఇంకా నాలుగు అడుగులు. కుయ్. కుయ్. నేను ఊపిరి తీసుకోలేదు. కుయ్. చప్పుడు దోమంత అయింది. ఆఖరి అడుగు పడవ చెక్క మీద పడింది. ఆ తర్వాత నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు.

వీర్రాజుగారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉన్నారు. సైరన్ మనిషి, "నేను తిప్పడం ఆపాకండీ ఆవిడ..." అనబోయాడు.

"ఇనపడినంత సేపూ సైరనేరా. నిబంధన అదే," అని రాసుకున్నారు: మూడో వరస, హర్షిణి, దాటారు.

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆయన తల్లిని పట్టుకుని ఏడ్చాడు. ఆవిడ అతన్ని పక్కకు జరిపి, పడవ బల్ల మీద కూర్చుని ఎస్తేరును పిలిచారు.

"రెండో ప్రాణంలో ఒకచోట ఆలస్యంగా ఆగావమ్మా."

"తుమ్మొచ్చిందండీ."

"వంతెన మీద తుమ్మకూడదు."

ఆరు నెలలకు మళ్లీ పరీక్ష అట. అరవై దాటిన వాళ్లందరికీ కొత్త నియమం. వీర్రాజుగారు అప్పుడే, ఆ పడవలోనే చెప్పారు. కాసేపు ఆగి చెబితే ఆయన సొమ్మేం పోయేదో.

సెప్టెంబరు 23, ఆదివారం

పనులు: నీళ్లు రెండు బిందెలు. బట్టలు, నాలుగు రోజులవి. అత్తయ్యగారి కాళ్లకు నూనె.

స్థిర శ్రవణం ఈ నెల 30 దాకా ఉంది. కూర్చుని రెండో సగం కూడా వినండి, బాగుంటుందని అత్తయ్యగారికి చెప్పాను. ఆరు నెలలకు పనికొస్తుంది కూడా.

"ఉత్తినే వినకూడదే," అన్నారు. "దాటితే వినాలి."

మొండితనం. ఇంకొక వారమే ఉందని, తర్వాత మళ్లీ ఆ కార్యాలయంతో పెళ్లని చెప్పుకుని తిప్పలు పడాల్సింది నేనని ఎంత చెప్పినా వినలేదు. మొహం అటు తిప్పుకుని, మూత పట్టుకుని, తనకు తెలిసిన సగమే పాడుకుంటూ కూర్చున్నారు. వినీ వినీ నాకు తల దిమ్మెక్కింది. తలుపు మూసి పనిలో పడ్డాను.

మధ్యాహ్నం పోటు తగ్గాక ఎస్తేరు వాళ్ల ఇంటి కింద దిగాను. రెండు వైపులా నాచు, గుల్లలు శుభ్రంగా గీకాను. చేతులు మూడు చోట్ల కోసుకున్నాయి. ఇల్లు తిన్నగా నిలబడింది, ఎస్తేరు చూసి సరేనంది.

ఎస్తేరుకు ఉన్న బాకీ చెల్లు.